వాలుకుర్చీలోంచి నేను చేసిన బస్సు సర్వే

మా కాలనీకి వచ్చే ఒకే ఒక్క సిటీ బస్సును రద్దు చేయించింది నేను.

ఈ సంగతి ముందే ఒప్పేసుకోవడం మంచిది. మా వాళ్లలో కొందరు ఇప్పటికీ దానికి అధికారులను తిడుతుంటారు, కొందరు ఏకంగా ప్రభుత్వాన్నే తిడుతుంటారు. వాళ్లెవరి తప్పూ లేదు. తెల్లకాగితం మీద, నా ముత్యాల్లాంటి అక్షరాలతో, ఆరు రోజుల సర్వే జతచేసి, కాలనీ మొత్తం చేత సంతకాలు పెట్టించి మరీ రద్దు చేయించాను. భూగోళాన్ని కాపాడదామని బయల్దేరి ఇంతమంది నోట్లో మట్టికొట్టినవాడు మా జిల్లాలో ఇంకొకడు లేడని గర్వంగా చెప్పుకోగలను.

అప్పటికి నాకు అరవై ఎనిమిదేళ్లు. కుర్రతనం. ఇప్పుడు డెబ్భై మూడు, కాస్త బుద్ధి వచ్చింది.

నేను మిషన్ స్కూల్లో ఐదో తరగతి వరకే చదివాను. ఆ తర్వాత ముప్పై అయిదేళ్లు ఆటోనగర్‌లో లారీలకు బాడీలు కట్టాను. అయితే చదువు ఆపలేదు సుమండీ! మరమేకులు పొట్లం కట్టి ఇచ్చిన పేపరు ముక్కను కూడా చదవకుండా పారెయ్యలేదు. ఆరో తరగతి నుంచి ఎమ్మే దాకా మొత్తం పొట్లాల మీదే పూర్తిచేశాను. రిటైరయ్యాక ఒక పొట్లంలో కర్బనం గురించి చదివాను. మన బండ్లు, మన పొయ్యిలు, మన కరెంటు కలిసి ఆకాశాన్ని దుప్పటిలా కప్పేసి భూమికి జ్వరం తెప్పిస్తున్నాయని దాని సారాంశం. పొట్లం సగంలో చిరిగిపోయింది. మిగతా సగంలో ఏముందో నేనే ఊహించుకున్నాను. అసలు ప్రమాదం అక్కడ మొదలైంది.

మర్నాటి నుంచి మా ఇంట్లో ఉద్యమం. ఫ్రిజ్ ఆపేశాను. మజ్జిగ కుండలో పోయించాను. ఇబ్రహీంపట్నం కరెంటు కేంద్రం పొగగొట్టాల వైపు వేలు చూపించి, “నువ్వు ఫ్యానొక నంబరు పెంచావంటే అక్కడ ఇంకో గంపెడు బొగ్గు పడుతుందే” అని మా ఆవిడ సుగుణకు రోజూ చెప్పేవాణ్ణి.

“నా చెమటకి లెక్క లేదాండీ?” అనేది సుగుణ, విసనకర్రతో నాకే విసురుతూ. విసరడం ఎక్కడ ఆగుతుందో, కొట్టడం ఎక్కడ మొదలవుతుందో తెలిసేది కాదు.

కానీ నా కోపంలో న్యాయం ఉందండీ. నేను పుట్టేనాటికి ఈ బెజవాడ కాళ్ల మీద నడిచే ఊరు. మా నాన్న బందరు కాలవలో పడవ లాగేవాడు. తెరచాపకు గాలి అందకపోతే నడుముకు తాడు కట్టుకుని, గట్టు వెంట వంగి నడుస్తూ, పడవెడు ఉప్పునో సున్నాన్నో ఊరంతా దాటించేవాడు. చుక్క డీజిల్ లేదు. మధ్యాన్నం గట్టు మీద కూర్చుని చద్దన్నం తింటే అదే ఆయన డీజిలు. నా పెళ్లి నాటికి సినిమా హాలు దగ్గర సైకిళ్ల స్టాండు చూస్తే అసలు హాలెక్కడుందో కనపడేది కాదు, అన్ని సైకిళ్లు. మొదటి ఆట వదలగానే ఒకేసారి వందల బెల్లులు మోగేవి. ఆ చప్పుడు నా చెవుల్లో ఇంకా ఉంది. సుగుణను ముందు కడ్డీ మీద కూర్చోబెట్టుకుని, కృష్ణమ్మ మీంచి వచ్చే గాలికి ఎదురు తొక్కుతుంటే, ఆమె కొప్పులోని కనకాంబరాలు నా ముక్కులోకి పోయి తుమ్ములొచ్చేవి. ఇప్పుడు బెంజ్ సర్కిల్ దగ్గర నిలబడితే తుమ్ములొస్తాయి గానీ, దానికి కారణం కనకాంబరాలు కాదు.

ఇలాంటి బాధ గుండెల్లో పెట్టుకుని నేను గుమ్మం ముందు వాలుకుర్చీలో కూర్చుని ఉండగా, రోజూ ఎనిమిదింపావుకు మా ఇంటి ముందు నుంచి ఆ బస్సు పోయేది.

ఖాళీగా!

డ్రైవరు, కండక్టరు, వెనక నల్లటి పొగ. ముగ్గురే. చర్చి గ్రౌండు దాకా వెళ్లి, అక్కడ గుండ్రంగా తిరిగి, మళ్లీ మా ఇంటి ముందు నుంచే ఖాళీగా వెనక్కి పోయేది. మధ్యాన్నమూ అంతే, సాయంత్రమూ అంతే. ఏనుగంత బండి దోమను కూడా మోయకుండా ఊరేగుతోంది. నాకు ఒళ్లు మండిపోయింది. నోటుపుస్తకం తీసి సర్వే మొదలుపెట్టాను.

మొదటి రోజు: పోయేటప్పుడు సున్నా, వచ్చేటప్పుడు సున్నా. రెండో రోజు: సున్నా, సున్నా. మూడో రోజు ఒకరు ఉన్నట్టు కనిపించింది గానీ, అది కండక్టరు సీటు మీద ఆరేసుకున్న తువ్వాలు.

“ఎవరూ ఎక్కకపోతే వాళ్లు మాత్రం ఎందుకు తిప్పుతారండీ?” అంది సుగుణ, గుమ్మంలో కందిపప్పు ఏరుకుంటూ.

“అదే గవర్నమెంటు అంటే.”

“ఒకసారి మీరే ఎక్కి చూడకూడదా?”

“నేనా! నాకు సైకిలుండగా పొగబండి ఎక్కుతానా?”

నిజమేనండీ. సిద్ధాంతం కొద్దీ నేను ఆ బస్సు ఎన్నడూ ఎక్కలేదు. నా సైకిలు దారి కూడా కాలవగట్టు వెంట, నీడ పట్టున. కాలనీ మొదట్లో ఉన్న వంతెన వైపు అసలు పోయేవాణ్ణే కాదు. వంతెన ఎత్తు, నా మోకాళ్లు పాతవి.

నాలుగో రోజు నాంచారమ్మ వచ్చింది. ఈవిడ మాకు చేపలు తెచ్చే మనిషి. బందరు పక్క సముద్రం ఒడ్డున పుట్టింది, పెళ్లయి బెజవాడ వచ్చింది. మార్కెట్లో చేపలు కొని, స్టీలు బేసినులో ఐసు పోసుకుని, నెత్తిన పెట్టుకుని మా కాలనీ అంతా తిరుగుతుంది. ఆమె కేక వినపడితే మా ఇంటి పిల్లి నాకంటే ముందు లేస్తుంది.

“ఏంటి బాబాయ్‌గారూ, పొద్దున్నే పద్దులు రాస్తన్నారు?” అంటూ బేసిను దించింది.

“బస్సులో జనాన్ని లెక్కపెడుతున్నాను.”

“ఎంతమందున్నారేంటి?”

“సున్నా.”

ఆమె నన్ను చూసింది, బస్సు పోయిన దారిని చూసింది. “సున్నా ఏంటి బాబాయ్‌గారూ? నేనిప్పుడు దాంట్లోనే...”

“నాంచారమ్మా! కొరమీను గురించి నువ్వు చెబితే నేను వింటాను. కర్బనం గురించి నేను చెబితే నువ్వు వినాలి,” అని అడ్డుపడి, ధ్రువాల మంచు కరగడం దగ్గర మొదలుపెట్టి ఆమె బేసినులో ఐసు కరిగేదాకా ఉపన్యాసం ఇచ్చాను.

చివరికి ఆమె, “అయితే ఏం చేద్దామంటారు?” అంది నీరసంగా.

“ఈ పొగబండి తీసేసి కరెంటు బస్సు వెయ్యమని అర్జీ పెడుతున్నాను. చప్పుడుండదు, పొగుండదు. పైగా మెట్టు కిందికి ఉంటుంది.”

“మెట్టు కిందికుంటదా?” ఆమె మొహం వెలిగింది. “బేసినుతో ఎక్కేతలికి నా మోకాళ్లు లటక్ లటక్‌మంటన్నాయి బాబాయ్‌గారూ. ఆ మెట్టు నా గుండెల దాకా ఉంటది.”

“అయితే సంతకం పెట్టు.”

డ్వాక్రా గ్రూపులో నేర్చుకున్న సంతకం. తడిచేతులు కొంగుకు తుడుచుకుని, నాలుక బయటపెట్టి, ఒక్కొక్క అక్షరాన్నీ ఇటుక పేర్చినట్టు పేర్చింది. ఐదు నిమిషాలు పట్టింది. ఆ కాగితం మీద మొదటి సంతకం ఆమెదే. ఇన్నేళ్లయినా నాకు కళ్లముందు కనపడేది ఆ సంతకమే.

మిగతా కాలనీ వాళ్లు “కరెంటు బస్సంట” అనగానే చదవకుండా పెట్టేశారు. అర్జీలో నేను రాసింది ఇది: “అయ్యా, మా కాలనీకి వచ్చుచున్న బస్సు ఆరు దినములుగా ఒక్క ప్రయాణికుడైనను లేక తిరుగుచు, వృథాగా డీజిలు కాల్చి భూతాపమును పెంచుచున్నది. కావున సదరు బస్సును తక్షణమే రద్దుపరచి, కరెంటు బస్సు వేయింప ప్రార్థన.” చదువుకున్నవాడు తెలుగు రాస్తే అర్థమవుతుంది. నాలాగా పొట్లాల మీద చదువుకున్నవాడు రాస్తే గ్రాంథికం వస్తుంది.

డిపో ఆఫీసరు కుర్చీ చూపించాడు. నా సర్వే పట్టిక వేలితో తడిమి చూశాడు. “జకరయ్యగారూ, పౌరుడంటే ఇలా ఉండాలండీ! ఇంత పద్ధతిగా మా స్టాఫ్ కూడా రాయరు,” అన్నాడు. టీ తెప్పించాడు. గవర్నమెంటు ఆఫీసులో అర్జీదారుకు టీ ఇచ్చారంటే లేచి పరిగెత్తాలని నాకు అప్పుడు తెలియదు. బిస్కెట్ కూడా తిన్నాను.

పదిహేను రోజుల్లో ఫోను. “ఆర్డరు వచ్చిందండీ! సోమవారం నుంచి మీకా బస్సు ఉండదు.”

మరి కొత్త బస్సు ఎప్పుడని నేను అడగలేదు. ఎందుకడుగుతాను? పెళ్లికూతురు పాతచీర విప్పిందంటే కొత్తచీర కట్టడానికే గదా!

సోమవారం పొద్దున మా గుమ్మం ముందు సంబరం చూడాలి మీరు. ఇస్త్రీ చొక్కా వేసుకున్నాను. దారికి అడ్డంగా ఎర్ర రిబ్బను. చర్చిలోంచి ఇరవై కుర్చీలు. కొత్త బస్సును ప్రార్థనతో ఆరంభించడానికి పాస్టరుగారు బైబిలుతో సహా వచ్చి కూర్చున్నారు. ఎనిమిదింపావైంది. ఎనిమిదిన్నరైంది. ఒక కుక్క వచ్చి రిబ్బను కిందనుంచి దూరి వెళ్లింది.

“ప్రార్థన చేసేద్దామా జకరయ్యగారూ? నాకు ఇంకోచోట గృహప్రవేశం ఉంది,” అన్నారు పాస్టరుగారు. లేని బస్సు కోసం, దాని డ్రైవరు కోసం, దాని చక్రాల కోసం చక్కగా ప్రార్థన చేసి, ఉప్మా తిని వెళ్లిపోయారు.

నేను ఆఫీసరుకు ఫోను చేశాను. “బస్సు రాలేదండీ!”

“రాదు గదండీ. రద్దు చేశాం గదా.”

“పాతది కాదండీ, కరెంటుది!”

“కరెంటు బస్సులు మా దగ్గర లేవండీ. మీరు రెండు పనులు అడిగారు. అందులో మా చేతిలో ఉన్నది ఒకటి. అది వెంటనే చేసేశాం.”

ఫోను ఇంకా చెవి దగ్గరే ఉంది, వంతెన వైపు నుంచి ఒక గుంపు వస్తూ కనిపించింది. తెల్లకోట్ల నర్సమ్మలు, కాలేజీ ఆడపిల్లలు, బట్టల కొట్లలో పనిచేసేవాళ్లు, టిఫిన్ డబ్బాలు, పుస్తకాల సంచులు. నలభైమంది ఉంటారు. ముందు వరసలో చేతిలో అట్లకాడతో కోటేశ్వరరావు. వంతెన దగ్గర టిఫిన్ బండి అతనిది.

“ఎవరండీ ఇక్కడ జకరయ్యగారు?” అన్నాడు.

రిబ్బను పట్టుకుని నిలబడ్డవాణ్ణి, నేను కానని ఎలా అనను?

“బస్సు ఖాళీగా తిరుగుతందని రాసింది తమరేనా?”

“ఆరు రోజులు నా కళ్లతో చూశానయ్యా!”

“ఎక్కణ్ణుంచి చూశారు?”

“ఈ కుర్చీలోంచి.”

కోటేశ్వరరావు అట్లకాడతో నుదురు కొట్టుకున్నాడు. “అయ్యా సామీ! ఆ బస్సు మీ ఇంటి ముందుకొచ్చేది వెనక్కి తిప్పుకోటానికండీ! వంతెన దగ్గర తిరగటానికి చోటు చాలక చర్చి గ్రౌండుకొస్తది. దిగేవోళ్లంతా వంతెన దగ్గరే దిగిపోతారు. మళ్లీ తిరిగొచ్చేలోపు ఎక్కేవోళ్లు నా దగ్గర ఇడ్లీ తింటా ఉంటారు. మీ వీధి గుంతల్లో బస్సులో కూచుంటే తిన్న ఇడ్లీ బయటికొస్తది గానీ ఎవుడు కూచుంటాడండీ!”

“మరి నాకెవరూ చెప్పలేదే?”

గుంపు వెనకనుంచి చిన్న గొంతు వినపడింది. “నేను చెప్పబోయాను బాబాయ్‌గారూ.” నాంచారమ్మ. బేసిను నెత్తిమీదే ఉంది. ఐసునీళ్లు ఆమె భుజం మీదుగా కారుతున్నాయి. “మెయిన్ రోడ్డు కాణ్ణుంచి నడిచొచ్చా. బేసిను చూసి ఆటోవోళ్లు ఎక్కించుకోటల్లేదు. సీటు నీసు వాసనొస్తదంట.”

తర్వాత నెలలో భూమికి నేను చేసిన సేవ చెబుతాను. బస్సెక్కేవాళ్లలో మగవాళ్లు తలా ఒక పాత మోటారుసైకిలు కొన్నారు. నర్సమ్మలు ఒక్కో ఆటోలో ఎనిమిదిమంది చొప్పున కూరుకున్నారు. ఒక్క బస్సు పొగ ఆపినందుకు, పాతిక పొగగొట్టాలు మా గుమ్మం ముందే పుట్టాయి. నా వాలుకుర్చీ మీద మసి పేరుకుంటే సుగుణ వేలితో దాని మీద సున్నా చుట్టి, “ఇది కూడా మీ సర్వేలో రాసుకోండి,” అంది.

ఇవన్నీ తట్టుకున్నాను. నాంచారమ్మ సంగతి తట్టుకోలేకపోయాను. తొమ్మిదికి వచ్చే మనిషి పదకొండున్నరకు వచ్చేది. అప్పటికి అందరిళ్లలో పప్పుచారు తిరగమోత పడిపోయేది. చేపలు మిగిలిపోయేవి. ఒకరోజు మా మెట్ల మీద కూలబడి, మోకాళ్లు పట్టుకుని, “రేపణ్ణుంచి ఈ వైపు రాలేను బాబాయ్‌గారూ,” అంది. ముప్పై ఏళ్లుగా తిరిగిన కాలనీ. ఆమె ఇల్లు గడిచేది ఈ నాలుగు వీధుల మీదే.

నా నోట్లోంచి మాట ఊడిపడింది. “నీ బేసిను నేను తెస్తాను. నువ్వు ఉత్త చేతులతో ఆటోలో వచ్చెయ్.”

“మీరా?” అన్నారు నాంచారమ్మ, సుగుణ, ఇద్దరూ ఒకేసారి.

ఎందుకు తేలేను? పడవ లాగిన వాడి కొడుకుని! మర్నాటి నుంచి చేపల మార్కెట్‌కు నా సైకిలు. వెనక క్యారియరు మీద బేసిను, దానికి ట్యూబు తాళ్లు. తొక్కుతుంటే ఐసునీళ్లు నా ప్యాంటులోంచి చెప్పుల్లోకి కారేవి. మార్కెట్ దాటేసరికి నాలుగు కుక్కలు, కాలవగట్టు చేరేసరికి పదకొండు. ముందు నేను, వెనక కుక్కలు, ఆ వెనక పిల్లులు. మంత్రిగారి కాన్వాయ్‌కి కూడా అంత క్రమశిక్షణ ఉండదు. బెంజ్ సర్కిల్ దగ్గర ఒక ట్రాఫిక్ కానిస్టేబులు నన్ను ఆపి, “ఏం పెద్దాయనా, ఈ వయసులో చేపల వ్యాపారమా?” అన్నాడు.

“కాదు బాబూ, పర్యావరణం,” అన్నాను. పాపం, జాలిపడి దారి ఇచ్చాడు.

ఆదివారం చర్చిలో నా బెంచీ మొత్తం నాకే. పాస్టరుగారు కూడా దీవెన కాస్త దూరం నుంచే ఇచ్చారు. అయినా నిజం చెప్పొద్దూ, తెల్లారగట్ల కాలవ పక్కన తొక్కుతుంటే ఒక్కోసారి హాయిగా ఉండేది. నీళ్ల మీద పొగమంచు లేచేది. మా నాన్న తాడు నడుముకు కట్టుకుని ఈ గట్టు మీదే ఇలా వంగి నడిచేవాడు గదా అనిపించేది. ఆయన పడవెడు బరువు లాగాడు, నేను బేసినెడు. కొడుకులెప్పుడూ తండ్రులకంటే తక్కువే.

ఈలోగా అర్జీల మీద అర్జీలు పెట్టాను. బస్సు వెయ్యండి, వెంటనే వెయ్యండి, మానవతా దృక్పథంతో వెయ్యండి. జవాబు లేదు. ఒకరోజు మార్కెట్ నుంచి బేసినుతోనే డిపోకు వెళితే ఆఫీసరు ఈసారి టీ ఇవ్వలేదు. “జకరయ్యగారూ, మీ సర్వే పై ఆఫీసు దాకా వెళ్లిందండీ. దాన్ని మిగతా డిపోలకు నమూనాగా పంపుతున్నారు. ఇప్పుడు జనం ఉన్నారంటారేంటి? అప్పుడు రాసింది తప్పు అని మీరు రాసిస్తే చెప్పండి, కదిలిద్దాం.”

తప్పని రాయడమా! నేనా! గుండె రాయి చేసుకుని, కుక్కల కాన్వాయ్‌తో ఇంటికి వచ్చాను. మా గుమ్మంలో నాంచారమ్మ బేసిను అందుకుంటూ నా మొహం చూసింది.

“ఏమన్నారు బాబాయ్‌గారూ?”

“నేను తప్పు రాశానని ఒప్పుకోవాలట. జన్మలో ఒప్పుకోను.”

“దానికేముందండీ. మీరొక్కరే చేశారనుకోమాకండి. సంతకం నేను గూడా పెట్టాగా. కింద నా పేరు గూడా రాయండి, ఇద్దరం ఒప్పుకుందాం.”

ఆమె నన్ను తిట్టినా బాగుండేది. నాలుగు పులసలంత తిట్లు తిట్టినా బాగుండేది. ఆ మధ్యాన్నమే కూర్చుని, ఆమె పేరు రాయకుండా, నా పేరు ఒక్కటే రాసి ఒప్పుకున్నాను. “అయ్యా, నేను చేసినది వాలుకుర్చీ సర్వే. లెక్క సరియే, లెక్కించిన చోటు తప్పు. ఆ బస్సును నేనెన్నడూ ఎక్కి ఎరుగను.” ఆ చివరి వాక్యం రాయడానికి నాంచారమ్మ సంతకానికి పట్టినంత సేపు పట్టింది. తర్వాత ఆరు రోజులు కోటేశ్వరరావు బండి పక్కన నిలబడి, వంతెన దగ్గర ఆటోల కోసం పడిగాపులు పడుతున్న జనాన్ని పేరు పేరునా రాసుకుని జతచేశాను. ఇడ్లీలు తినడం తప్పలేదు. మొట్టమొదటిసారి నా సర్వేకు కడుపు నిండింది.

బస్సు తిరిగి వచ్చింది. కరెంటుది కాదు, పాతదే. అదే పొగ, అదే తువ్వాలు. మార్కెట్ దగ్గర కండక్టరు దిగి నాంచారమ్మ బేసినుకు చెయ్యి వేశాడు. ఆమె మెట్టు మీదనుంచి నన్ను చూసి, “దిగండి బాబాయ్‌గారూ సైకిలు, ఇంక చాలు,” అంది. ఆ రోజు నుంచి నేనూ ఆ బస్సులోనే ఊళ్లోకి వెళుతున్నాను. కిటికీ పక్క సీటు దొరికితే, పోయిన ఊరూ ఉన్న ఊరూ రెండూ కనపడతాయి.

కాబట్టి చదివేవారందరి ఎదుటా, బైబిలు మీద ఒక చెయ్యి, బస్సు కడ్డీ మీద ఒక చెయ్యి వేసి ప్రమాణం చేస్తున్నాను: నేను ఎక్కని బండి గురించి, నేను నడవని దారి గురించి, నేను వండని పొయ్యి గురించి ఇక మీదట అర్జీ రాయను. మరీ రాయవలసి వస్తే, ముందు నాంచారమ్మ మాట పూర్తిగా వింటాను. వాలుకుర్చీని సుగుణ మేడ మీదికి ఎక్కించేసింది. నా ఒప్పుకోలు అర్జీకి ఆఫీసు నుంచి వచ్చిన జవాబును మాత్రం పటం కట్టించి, మా గుమ్మానికి ఎదురుగా నాకు రోజూ కనపడేట్టు తగిలించింది:

“శ్రీ జకరయ్య గారికి. తమ తాజా అర్జీని పరిశీలించి, సోమవారం నుండి బస్సును వంతెన వరకు పునరుద్ధరించడమైనది. అయితే వంతెన నుండి తమ ఇంటి మీదుగా చర్చి గ్రౌండు వరకు ఒక్క ప్రయాణికుడు కూడా లేడని తమ మొదటి సర్వే ద్వారా రుజువైనందున, వంతెన పక్క స్థలమును చదును చేయించి బస్సును అక్కడే వెనుకకు త్రిప్పుటకు నిర్ణయించడమైనది. ఇకపై బస్సు తమ ఇంటి ముందుకు రాదు. డీజిలు ఆదాకు తోడ్పడినందుకు ధన్యవాదములు. తాము వంతెన వరకు నడిచి రాగలరు.”